కోడ్ రాసే స్టేషన్ మాస్టారు: నాలుగు నెలల వాడకం

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనే. మావయ్యకి ఇక్కడ పైపులు, మోటార్లు అమ్మే దుకాణం ఉంది. విశాఖలో ఉద్యోగం మానేసి నేను ఇంటికొచ్చాక ఆ దుకాణం బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాం నా నెత్తిన పడింది. చేసేది ఒక్కదాన్నే. అందుకని నాలుగు నెలల కిందట ఒక ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌ని పెట్టుకున్నాను, నెలకి 20 డాలర్లు. దాని పేరు చెప్పను. తిట్లు కూడా ఉన్నాయి మరి.

ఇలాంటివాటికి మన ఇష్టాయిష్టాలు ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసి ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టొచ్చు. క్లాడ్ కోడ్ అయితే క్లాడ్ డాట్ ఎండీ అనే ఫైలు చదువుతుంది, ఇంకొన్ని ఏజెంట్స్ డాట్ ఎండీ చదువుతాయి. నిన్న మనతో మాట్లాడింది వాటికి మామూలుగా పెద్దగా గుర్తుండదు కాబట్టి, పని మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ ఫైలు చదువుకునే వస్తాయి. నేను మార్కులు వేస్తున్నది ముఖ్యంగా ఈ సదుపాయానికే. ఐదుకి మూడున్నర.

మొదటి రోజు తెలుగులో జవాబివ్వమంటే ఏమందో తెలుసా? 'ఫైలు విజయవంతముగా సవరించబడినది' అంది. గిడుగు రామమూర్తి గారు 1880లో పంతులుగా చేరిన ఊరండీ మాది. ఆయన వాడుక భాష కోసం అన్నేళ్లు పోట్లాడితే, నా లాప్‌టాప్‌లో కూర్చుని ఇది 'బడినది' అంటుందా? ఫైల్లో నేను రాసిన మొట్టమొదటి వాక్యం: 'బడినది, బడుచున్నది అనే మాటలు నిషేధం.' అది మాత్రం ఈ రోజు వరకూ ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండో వాక్యం దగ్గర సరదా పుట్టింది. 'నువ్వు నౌపడా, గుణుపురం చిన్న రైలు లైన్లో రిటైరైన స్టేషన్ మాస్టారివి' అని రాశాను. మా అమ్మ కాలేజీకి ఆ బండిలోనే వెళ్లేది. రాజావారు వేయించిన రెండున్నర అడుగుల నారో గేజి, 1900లో మొదలైంది. 2004లో ఆపి పెద్ద లైను వేశారు. ఒంటి లైను మీద లైన్ క్లియర్, అంటే దారి ఖాళీగా ఉంది రావచ్చు అనే అనుమతి, రాకుండా బండి కదలకూడదు కదా, నాకూ అలాంటి మనిషే కావాలి. నేను 'లైన్ క్లియర్' అనేదాకా ఫైలు కదపకూడదు, ముందు ఏం చేస్తాడో రెండు ముక్కల్లో చెప్పాలి. అదీ ఒప్పందం.

మాట తీరు కుదరడానికి వారం పట్టింది. 'శ్రీకాకుళం యాసలో మాట్లాడు' అని రాస్తే ఒక వాక్యం తెలంగాణ, ఒక వాక్యం గోదావరి, మధ్యలో ఒక 'బావూ'. వినలేకపోయాను. చివరికి యాస గురించి చెప్పడం మానేసి, మా ఇంట్లో మాట్లాడుకునే వాక్యాలే ఆరు రాసి పెట్టాను. 'టెస్టు ఇంకా అవనేదమ్మా, జెండా ఊపను' లాంటివి. మర్నాటి నుంచి దారికొచ్చాడు. మీరు ఇలాంటిది చేస్తే 'సరదాగా ఉండు, హుందాగా ఉండు' అని విశేషణాలు పేర్చకండి, నమూనా వాక్యాలు ఇవ్వండి.

ఇదంతా ఆటే కదా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇంతకుముందు అది రాసే పొడుగాటి రిపోర్టులు చదవకుండానే సరే అనేదాన్ని. ఇప్పుడు మాస్టారు ఏమన్నారో చూద్దామని చదువుతున్నాను. చదువుతున్నాను కాబట్టి తప్పులు దొరుకుతున్నాయి. ఆంధ్రాకి లారీలో పోయే సరుకు బిల్లులో రాష్ట్రం కోడ్ 28 వేశాడు. అది ఉమ్మడి రాష్ట్రం నాటి కోడ్, ఇప్పుడు 37. మాకు ఒడిశా 21. పాతపట్నం మా ఊరికి పక్కనే, కానీ బిల్లుకి అది వేరే రాష్ట్రం. ఊళ్లో పైపు అమ్మితే తొమ్మిది శాతం చొప్పున రెండు పన్నులు. సరిహద్దు దాటించి పంపితే 18 శాతం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్ను, ఒకటే. ఇవన్నీ ఫైల్లోకి ఎక్కించాను, ఎందుకో కూడా రాసి. కారణం రాయని నియమాలు త్వరగా గాలికి పోతున్నాయని నా అనుభవం. 'డబ్బు ఫ్లోట్‌లో వద్దు', అంటే దశాంశ సంఖ్యగా దాచొద్దు, అని మాత్రమే రాసినప్పుడు రెండుసార్లు తప్పాడు. 'పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచు, రౌండింగ్‌లో పైసా తేడా వస్తే మావయ్య రాత్రి పన్నెండైనా లెక్క చూస్తూనే కూర్చుంటారు' అని రాశాక తప్పలేదు.

నాకు బాగా నచ్చింది ఎర్రజెండా. ఇవి మనం ఏమన్నా 'చాలా మంచి ఆలోచన' అంటాయి, ఆ జబ్బు తెలిసిందే. అందుకే 'నేను తప్పు చెప్తే ఎర్రజెండా ఊపు' అని రాశాను. రద్దయిన బిల్లు నంబరుని మళ్లీ వాడుకుందాం అన్నప్పుడు నిజంగానే ఊపాడు. జీఎస్టీ బిల్లు నంబర్లు వరసగా ఉండాలి, ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు రెండుసార్లు రాకూడదు అన్నాడు. నిజమే. అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత బటన్ రంగు మారుద్దామన్నా ఎర్రజెండాయే! పన్ను, డబ్బు, స్టాకు, ఈ మూడింటికే జెండా అని హద్దు పెట్టాల్సి వచ్చింది.

ఇక తిట్లు. వేషం కోడ్‌లోకి కారిపోయింది. ఒక శనివారం సాయంత్రం దుకాణంలో రద్దీగా ఉండగా గుమస్తా ఫోన్ చేశాడు: 'మేడం, కంప్యూటర్ నన్ను తిడతంది.' వెళ్లి చూస్తే తెర మీద 'సిగ్నల్ పడనేదు, ఎందుకా తొందర?' అని ఉంది. స్టాకు లేని సరుకుకి బిల్లు కొడితే రావాల్సిన ఎర్రర్ మెసేజ్ అది. నేనే చూసుకోకుండా లైన్ క్లియర్ ఇచ్చేశాను. మావయ్య మూడు రోజులు నవ్వారు, గుమస్తా మాత్రం నవ్వలేదు. 'యాస నాతో మాట్లాడేటప్పుడే. కోడ్‌లో, కామెంట్లలో, తెర మీద వద్దు' అనే వాక్యం మీరు మొదటి రోజే రాసుకోండి.

రెండోది నవ్వే విషయం కాదు. డేటాబేస్ మార్పుల ఫోల్డర్ జోలికి అడగకుండా వెళ్లొద్దని స్పష్టంగా రాశాను. ఒక రోజు నాలుగు గంటలు ఏకధాటిగా పని చేశాక, అడగకుండానే వెళ్లి ఒక కాలమ్ పేరు మార్చేశాడు. బ్యాకప్ ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అంతే సంగతులు. అడిగితే యాసలో క్షమాపణ! ఆ క్షణంలో ఆ యాస వింటే ఒళ్లు మండింది. అప్పుడర్థమైంది, ఆ ఫైల్లో రాసేది విన్నపం మాత్రమే, సంభాషణ పెరిగేకొద్దీ దాని మీద పట్టు సడలుతుంది. నిజంగా ఆపాలంటే పర్మిషన్ సెట్టింగుల్లో ఆ ఫోల్డర్‌ని మూసెయ్యాలి. ఇప్పుడు మూసే ఉంది. అర మార్కు ఆ రోజే కోసేశాను.

ఇంకో అర మార్కు ఖర్చుకి. తెలుగు లిపిలో రాసింది ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు తింటుంది, అంటే ఇది మాటల్ని విడగొట్టుకుని లెక్కపెట్టే ముక్కలు. మాస్టారు కబుర్లు చెప్పినకొద్దీ నా వాడకం పరిమితి త్వరగా అయిపోతోంది. నెలాఖరు లెక్కల రోజున సాయంత్రం నాలుగింటికే ఆగిపోతే ఎంత టెన్షనో నన్నడగండి. మిగిలిన అర దేనికి కోశానంటే, ఒడియాలో బిల్లు శీర్షికలు అడిగితే అందులోనూ ఇప్పటికీ ఒక తెలుగు పదం జొరబడుతోంది.

మొదట్లో ఫైలు రెండు వందల వాక్యాల దాకా పెరిగింది. మాస్టారికి పెన్షను, మోకాలి నొప్పి, పకోడీల మీద అభిప్రాయం కూడా రాశాను. అవి పెరిగేకొద్దీ అసలు నియమాలు మరుగున పడ్డాయి. కొట్టేసి కొట్టేసి నలభైకి తెచ్చాను. మోకాలి నొప్పి పోయింది. పకోడీలు మాత్రం ఉంచాను.