సెమినరీ చదువు పల్లె సువార్తకు పనికొస్తుందా? ఒంగోలు, కందుకూరు వైపు నుంచి కుర్రాళ్లను చదువుకు పంపేవాళ్ల కోసం ఒక సమీక్ష

వాక్యం బాగా చెప్పే కుర్రాణ్ణి సెమినరీకి (బోధకుల్ని తయారుచేసే బైబిల్ కాలేజీకి) పంపితే వాడిలో మంట ఆరిపోద్దని మన సంఘాల్లో పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. తప్పు చదువుది కాదు, చదివించే పద్ధతిది.

ముందు చదువు బలం చూద్దాం. మన బైబిల్లో ‘మారుమనస్సు పొందుడి’ అని ఉంది. కనిగిరి వైపు మామూలు మాటల్లో ‘వాడు మనసు మార్చుకున్నాడు’ అంటే పెళ్లికి ఒప్పుకొని వెనక్కి తగ్గాడని. వినేవాళ్లకు ఆ మాట తప్పుగా తగులుతుంది. హెబ్రీ చదివినవాడికి పాత నిబంధనలో దానికి వాడిన ‘షూబ్’కు వెనక్కి మళ్లడం అని అర్థం తెలుసు. ‘దారి తప్పినోడు మళ్లి ఇంటికి రావటం’ అని చెప్పి, తప్పిపోయిన కుమారుడి కథ ఎత్తుకుంటే ముసలమ్మకూ అర్థమవుతుంది. అదే మనిషి అరుగు మీద నిలబడి ‘షూబ్ అనగా...’ అని మొదలుపెడితే, వెనక వరుస లేచిపోతుంది. చదివిన అర్థాన్ని అలా పల్లె మాటలో చెప్పడం నేర్పే సెమినరీలు తక్కువ. ఇదే అసలు లోపం.

మన జిల్లా చరిత్ర కూడా ఇదే చెప్తుంది. తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని తాళ్లకొండపాడు చుట్టూ సువార్త మొదలుపెట్టాడు. రామాయపట్నం సెమినరీ ఆ తర్వాతే వచ్చింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర కాదు, తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు వంతులేసుకుని. జనాన్ని ఎరిగినవాళ్లు ముందు, పాఠశాల వెనక.

ఇక చెడేది ఎక్కడ? సెరంపూర్ సెనేట్ ఇచ్చే వేదాంత డిగ్రీ బి.డి. నాలుగైదేళ్లు. ఆ కాలమంతా పట్నం హాస్టల్లో ఉంటే కుర్రాడి మాట గ్రాంథికం అవుతుంది. ప్రసంగ శాస్త్రంలో మూడు పాయింట్లతో నలభై నిమిషాలు చెప్పడం నేర్పుతారు. పొలం నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి కూర్చున్న మనిషికి పదిహేను నిమిషాలే ఓపిక. పైగా తిరిగొచ్చాక టౌను సంఘం, జీతం కోసం చూపు. ఏడాది బైబిల్ ట్రైనింగ్ కోర్సుల్లో ఈ దూరం తక్కువే గానీ, వచనాన్ని ముందువెనకలతో చదవడం సరిగా రాదు. ఆ లోటు తర్వాత దుర్బోధగా బయటపడుతుంది. డబ్బు తీసుకుని ‘డాక్టరేట్’ ఇచ్చే చోట్ల మాత్రం గడప తొక్కొద్దు.

ఫీజు కట్టే ముందు టైంటేబుల్ అడగండి. ఫీల్డ్ వర్క్ అంటే ఆదివారం పట్నం చర్చిలో పాటలు పాడించడమేనా, పల్లెలో ఇళ్లకు పంపుతారా? వెంట వెళ్లి చూసి దిద్దేది ఎవరు? ఈ రెండింటికీ తిన్నగా జవాబు రాకపోతే ఇంకో చోటు చూడండి.

సంఘం చేయాల్సిందీ ఉంది. వేసవి సెలవులకూ క్రిస్మస్‌కూ విద్యార్థిని ఇంటికి పిలిపించి గృహ కూడికలు అప్పగించాలి, చార్జీలు సంఘమే పెట్టుకోవాలి. చదువు ముగించి వచ్చాక మొదటి మూడు నెలలు ఆదివారం ప్రసంగం ఇవ్వకుండా ఊళ్లో బైబిల్ ఉమన్ (ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పే సంఘ సేవకురాలు) వెంట ఇంటింటికీ తిప్పండి. ఏ ఇంట్లో జబ్బుంది, ఏ ఇంట్లో అప్పుంది, ఎవరి గడపలో ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి అన్నది ఆమెకే తెలుసు.