రాతి చిప్స్ నింపిన ఫిక్స్చర్: ఐదేళ్లు వాడాక

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక చిన్న బెంచి లేత్ (లోహాన్ని తిప్పి కోసే యంత్రం) ఉంది. స్వింగ్ (పట్టే గరిష్ఠ వ్యాసం) 180 మిల్లీ, సెంటర్ల మధ్య (పట్టే పొడవు) 350 మిల్లీ. మిల్లింగ్ మెషిన్ పెట్టడానికి చోటూ లేదు, కొనడానికి డబ్బూ లేదు. అందుకని ఎండ్ మిల్లును (పళ్లతో కోసే టూల్) లేత్‌కే బిగించి, జాబ్‌ను (కోయాల్సిన ముక్క) క్రాస్ స్లయిడ్ (లేత్ మీద అడ్డంగా జరిగే బల్ల) మీద నిలబెట్టి స్లాట్లు (గాడులు) కొట్టుకుంటాను. జాబ్‌ను అలా నిలబెట్టే ఫిక్స్చర్ గురించే ఈ సమీక్ష. కొన్నది కాదు, షెడ్డులో చేసుకున్నది.

మొదటి ఫిక్స్చర్ సిగ్గుపడాల్సిన సరుకు. 100×100×6 ఎల్ యాంగిల్ నుంచి 80 మిల్లీ ముక్క కోసి, నాలుగు రంధ్రాలు వేసి బిగించాను. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) మీద కోత పెట్టగానే షెడ్డంతా కీచుమని అరుపు, కోసిన ముఖం మీద చేప పొలుసుల్లాంటి అలలు. బాలానగర్‌లో ఒక పెద్దాయన, పాత టర్నర్ (లేత్ పనివాడు), దాన్ని తాడుకు వేలాడదీసి స్పానర్‌తో ఒక్కటి కొట్టాడు. టంగ్‌మంది. "ఫిక్స్చర్ చేశావా బాబూ, గుడి గంట చేశావా?" అన్నాడు.

వణుకు అనగానే అందరికీ రబ్బరే గుర్తొస్తుంది. నేనూ ఒక రబ్బరు షీటు ముక్క కోసి ఫిక్స్చర్ కింద పెట్టాను. ఎండ్ మిల్ జాబ్‌ను లోపలికి లాక్కుంది, ఒక పన్ను ఎగిరిపోయింది. తర్వాత రబ్బరును లేత్ కాళ్ల కింద పెట్టాను. పక్కింటివాళ్లకు మోత తగ్గింది కానీ జాబ్ మీద అలలు అలాగే ఉన్నాయి. ఉండక ఏమవుతాయి? ఒక పన్ను వదిలిన అల మీద తర్వాతి పన్ను ఎక్కి దిగుతుంది. దాంతో చిప్ (కోతలో రాలే లోహపు తొక్క) మందం మారుతుంది, కోత బలం మారుతుంది, వణుకు తనను తానే పెంచుకుంటుంది. ఇదంతా టూల్‌కీ జాబ్‌కీ మధ్య జరిగే గొడవ. ఆ దారిలో రబ్బరు పెడితే బిగువు పోతుంది, ఆ దారికి బయట పెడితే గొడవకు సంబంధమే ఉండదు.

అప్పుడు కొలవడం మొదలుపెట్టాను. ఫిక్స్చర్ పైఅంచుకు డయల్ గేజ్ ఆనించి, స్ప్రింగ్ త్రాసుతో 10 కిలోల బలంతో లాగాను. ముల్లు 0.12 మిల్లీ కదిలింది. ప్లేటు మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఎత్తు సగం చేసినా అంతే. ఈ ఒక్క లెక్క ముందే చూసుకుని ఉంటే ఆ యాంగిల్ ముక్క మళ్లీ స్క్రాప్ కొట్టుకే పోయేది.

రెండోది 75×75 చదరపు ట్యూబు, గోడ మందం 5 మిల్లీ, ఎత్తు 120. అడుగున 12 మిల్లీ ప్లేటు వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్ వేడికి అడుగు ప్లేటు వంగి ఊగుడు కుర్చీలా ఊగింది. మధ్యలో మెటల్ తీసేసి, బోల్టుల చుట్టూ ఎత్తుగా మిగిలిన ప్యాడ్లు మాత్రమే స్లయిడ్‌కు తగిలేలా బ్లూ (తగిలే చోటు చూపే రంగు) పూసి ఆకురాయితో రుద్దాను. రెండు ఆదివారాలు పట్టింది, విసుగు పని. అయినా మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ట్యూబు లోపల మొదట ఎండు ఇసుక పోశాను. మోత బాగా తగ్గింది. కానీ ఒక రోజు చూస్తే బోల్టు రంధ్రం నుంచి ఇసుక రాలి లేత్ బెడ్ మీద సన్నటి గీతలా పడి ఉంది. గుండె ఆగినంత పనైంది. దయచేసి లేత్ మీద వాడే దేనిలోనూ విడి ఇసుక పోయకండి.

ఆ తర్వాత ఎపాక్సీ జిగురులో గ్రానైట్ ముక్కలు. గ్రానైట్ కోసే చోట చిప్స్, పొడి ఊరికే ఇచ్చారు. 1 నుంచి 6 మిల్లీ చిప్స్, సందులు నింపడానికి పొడి, మొత్తం బరువులో ఎపాక్సీ రెజిన్ 12 శాతం. ఈ ట్యూబు పెట్టెకు పట్టింది సుమారు 1.2 కిలోలు, అంటే రెజిన్ 150 గ్రాముల లోపే. మొదటిసారి మే నెల మధ్యాహ్నం ప్లాస్టిక్ మగ్గులో ఒకేసారి 400 గ్రాములు కలిపాను. రాళ్లలో పోసేలోపే మగ్గు పొగలు కక్కి గడ్డ కట్టింది. డిసెంబరు దాకా ఆగి, సాయంత్రం పూట కొంచెం కొంచెంగా కలిపి, మూడు పొరలుగా పోసి, సుత్తి పిడితో తడుతూ బుడగలు పైకి రప్పించాను.

ఎనిమిది నెలలు బంగారంలా పనిచేసింది. ఆ తర్వాత మళ్లీ జుయ్‌మని చిన్న మోత. ట్యూబు లోపలి నూనెను సరిగా తుడవకుండానే పోశాను కాబట్టి లోపలి దిమ్మ గోడ వదిలేసింది. అడ్డంగా రెండు రంధ్రాలు వేసి 8 మిల్లీ స్టడ్లతో (మరలున్న కడ్డీలతో) బిగిస్తే మళ్లీ మౌనం. మీరు చేస్తే ముందు థిన్నర్‌తో కడగండి, గరుకు కాగితంతో రుద్దండి, అడ్డ కడ్డీలు పోతకు ముందే పెట్టండి.

మూడో ఏట మా స్నేహితుడి కోసం ఇంకో పెట్టె చేశాను. అచ్చం అదే కొలతలు, కానీ లోపల ఖాళీ. ఇచ్చే ముందు రెండిటినీ ఒకే లేత్ మీద పోల్చి చూశాను. 10 కిలోల లాగుడుకు రెండూ 0.02 మిల్లీ కదిలాయి. అంటే రాయి బిగువును దాదాపు ఏమీ పెంచలేదు. ఆ కదిలిన కాస్తా స్లయిడ్ వదులును సరిచేసే పట్టీ, అంటే గిబ్‌లో ఉన్న ప్లే. తేడా కోతలోనే కనబడింది. 10 మిల్లీ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఎండ్ మిల్లుతో ఎంఎస్ మీద ఖాళీ పెట్టె 0.3 మిల్లీ లోతుకే కీచుమంది, నింపినది 0.5 దాకా నోరు మెదపలేదు. ఇత్తడి, కాస్ట్ ఐరన్ మీద తేడా లేదు. మూడేళ్లుగా అందరికీ రాయి మహిమ అని చెబుతూ వచ్చాను, అందులో సగం పైగా 12 మిల్లీ ప్లేటుకీ ప్యాడ్లకీ రావాల్సిన పేరు.

ఇంకొంత పేరు టూల్‌ను చుట్టూతా పట్టే గొట్టం, అంటే కొలెట్‌ది. ఎండ్ మిల్లును మూడు దవడల చక్‌లో పట్టడం మానేసి, తిరిగే ఇరుసైన స్పిండిల్‌కు దగ్గరగా ఈఆర్32 కొలెట్‌లో పట్టాక టూల్ బయటికి వేలాడే పొడవు తగ్గింది. ఇప్పటికీ ఎప్పుడైనా అరిస్తే ముందు 800 ఆర్‌పీఎం నుంచి 550కి దించుతాను, అప్పటికీ ఆగకపోతే గిబ్ స్క్రూలు చూస్తాను.

ఐదేళ్లలో ఎపాక్సీ పగల్లేదు, కోతకు పోసే సోల్యుబుల్ ఆయిల్‌కు మెత్తబడలేదు. బరువే ఇబ్బంది, ఎక్కించి దించేటప్పుడు రెండు చేతులూ కావాలి. నా ఫిక్స్చర్‌కు అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. స్నేహితుడి పెట్టె ఇంకా ఖాళీగానే ఉంది. "నింపి ఇస్తాను తీసుకురా" అంటే, "నేను కోసేది ఇత్తడే కదన్నా, నాకెందుకా బరువు" అన్నాడు.