ఇంగ్లండ్ పబ్బుల్లో ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ పడుకోకూడదు

జూబ్లీహిల్స్ పబ్‌ను మనసులో పెట్టుకుని ఇంగ్లండ్‌లో పబ్ తలుపు తోస్తే మొదట నిరాశే. డీజే ఉండడు, బౌన్సర్ ఉండడు. కిటికీ పక్కన ఒక పెద్దాయన పేపర్ చదువుకుంటూ ఉంటాడు, ఆయన కాళ్ల దగ్గర కుక్క నిద్రపోతూ ఉంటుంది, పక్క టేబుల్ దగ్గర పిల్లలు చిప్స్ తింటూ ఉంటారు. బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు మావారు మ్యూజియంల లిస్టు పక్కన పెట్టి పాత పబ్బుల లిస్టు తీశారు. నేను తాగను. ట్రిప్ మొత్తం లైమ్ సోడాతోనే నెట్టుకొచ్చాను. కాబట్టి బీరు గురించి రాసింది మావారి మాట, కుర్చీ, తిండి, గది, బాత్రూమ్ గురించి రాసింది నా మాట.

వెళ్లేవాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. పాత తరహా పబ్‌లో కూర్చుని వెయిటర్ కోసం చూస్తే సాయంత్రం దాకా చూడాల్సిందే. బార్ దగ్గరికి మనమే వెళ్లాలి, చెప్పాలి, డబ్బు కట్టాలి, గ్లాసు తెచ్చుకోవాలి. అక్కడ క్యూ కనపడదు కానీ ఎవరి తర్వాత ఎవరో లోపల ఉన్నవాళ్లకు కచ్చితంగా తెలుసు. తోసుకుని ముందుకెళ్తే ఎవరూ ఏమీ అనరు, చూస్తారంతే. ఆ చూపు చాలు. గుంపుగా వెళ్తే ఒక్కొక్కరు ఒక రౌండ్ అందరికీ కొనాలి. తన వంతు ఎగ్గొట్టినవాడిని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారని మా అన్నయ్య గారు, అంటే ఆడపడుచు భర్త, ముందే హెచ్చరించారు.

లండన్‌లో మొదట ఫ్లీట్ స్ట్రీట్‌లోని 'యి ఓల్డ్ చెషైర్ చీజ్'. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయాక 1667లో మళ్లీ కట్టారు. అప్పటి నుంచి ఏలిన రాజులూ రాణుల పేర్లు గుమ్మం పక్కన బోర్డు మీద రాసి ఉంటాయి. లోపల పగలే చీకటి. గదిలోంచి గది, మెట్లు దిగితే మరో గది, ఇంకా దిగితే నేలమాళిగ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుమ్మం దగ్గరి గదిలోనే ఆగిపోవడం మంచిది. ఒకప్పుడు ఇక్కడ పాలీ అనే చిలుక ఉండేదట. 1926లో అది చనిపోతే పత్రికలు వార్త వేశాయి. వేయవా మరి, ఆ వీధి నిండా పత్రికాఫీసులే కదా! 1980ల నుంచి పేపర్లన్నీ ఒక్కొక్కటిగా ఆ వీధి ఖాళీ చేసి వెళ్లిపోయాయి. ఇప్పుడు కూర్చునేది లాయర్లు, మాలాంటి టూరిస్టులు. దీన్ని నడిపే శామ్యూల్ స్మిత్ అనే యార్క్‌షైర్ కంపెనీ తన పబ్బుల్లో పాటలు పెట్టదు, టీవీ పెట్టదు, 2019 నుంచి ఫోన్లు వాడొద్దని కూడా నియమం పెట్టింది. మావారు ఫోటో తీయబోయి ఆ బోర్డు చూసి జేబులో పెట్టేసుకున్నారు. నాకు మాత్రం ఆ రూల్ భలే నచ్చింది. పెళ్లయ్యాక ఇంత సేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువే.

అదే వీధిలో ఎల్ వీనో అనే వైన్ బార్ ఉంది. అక్కడ ఒకప్పుడు ఆడవాళ్లకు బార్ దగ్గర నిలబడితే పోసేవాళ్లు కాదు, వెనక గదిలో కూర్చోవాల్సిందే. ఒక మహిళా లాయరు, ఒక జర్నలిస్టు కోర్టుకెళ్తే, 1982లో అప్పీల్ కోర్టు ఇది చెల్లదని తీర్పిచ్చింది. 1982! మా పెద్దన్నయ్య అప్పటికే స్కూలుకు వెళ్తున్నాడు.

ఆ వెనక గది సంగతి హోబన్‌లోని 'ప్రిన్సెస్ లూయీజ్'కి వెళ్లాక బాగా అర్థమైంది. చూడ్డానికి ఈ ట్రిప్‌లో అన్నిటికంటే అందమైన పబ్ ఇదే. 1891లో చేయించిన అలంకరణ: చెక్కిన అద్దాలు, రంగు టైల్స్, మధ్యలో బార్, దాని చుట్టూ చెక్క, గాజు గోడలతో విడివిడి అరలు. మగవాళ్ల టాయిలెట్‌లో పాలరాయి కూడా వారసత్వ కట్టడం కింద రక్షణలో ఉందట, మావారు రెండుసార్లు వెళ్లి చూసొచ్చారు. ఈ అరలు విక్టోరియా కాలం నాటి తరగతుల లెక్క. పబ్లిక్ బార్‌లో కూలీలు, నేల మీద ఏమీ పరచరు, బీరు కాస్త చౌక. సలూన్ బార్ అనే గదిలో కార్పెట్, గౌరవస్తులు, రేటు కాస్త ఎక్కువ. ఎవరి కంటా పడకుండా తాగాలనుకునే ఆడవాళ్లకు చిన్న గది. యుద్ధం తర్వాత దాదాపు ప్రతి పబ్‌లో ఈ గోడలు కొట్టేసి ఒకే హాలు చేశారు. ఇక్కడ కూడా తీసేసినవే, 2007-08లో మళ్లీ పెట్టించారు. అంటే మనం 'అబ్బ, ఎంత పాతది!' అని మురిసిపోయేది కొత్త వడ్రంగం. ఎవరూ విడదీసి కూర్చోబెట్టకుండా, నచ్చిన అరలో మనమే దూరి కూర్చోవచ్చు కాబట్టి ఇప్పుడది ముచ్చటగా ఉంటుంది.

లండన్ బ్రిడ్జి స్టేషన్ పక్కన 'జార్జ్ ఇన్' చూడ్డానికి వెళ్లండి, తిండికి వద్దు. గుర్రపు బగ్గీలు ఆగే సత్రం అది, చెక్క వరండాలతో లండన్‌లో మిగిలింది ఇదొక్కటే. ఇప్పుడున్నది 1670ల కట్టడం. రైళ్లొచ్చాక బగ్గీలు పోయాయి. రైల్వే వాళ్లు దీన్ని గోడౌన్‌గా వాడుకుని మూడు వైపులున్న దాంట్లో చాలా భాగం పడగొట్టారు, మిగిలిన ఒక్క వైపు 1937లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. తిండి కావాలంటే ఫారింగ్‌డన్‌లో 'ఈగిల్' మేలు. 1991లో ఒక మామూలు పబ్‌ని తీసుకుని, బార్ వెనకే వంటగది పెట్టి, మంచి భోజనం మొదలుపెట్టింది వీళ్లే. గాస్ట్రోపబ్ అన్న మాట అక్కడి నుంచే దేశమంతా పాకింది. మెనూ పలక మీద సుద్దతో రాస్తారు. శాకాహారులకు ఎంపిక తక్కువ. ఇది ప్రతి పబ్‌లోనూ ఉన్న బాధే. 'వెజిటేరియన్' అంటే అర్థమవుతుంది కానీ చిప్స్ వేయించిన నూనె వేరేనా అని విడిగా అడగాలి.

బీరు సంగతి. మావారికి మొదటి పైంట్, అంటే అర లీటరు పైచిలుకు గ్లాసు, చేతికి రాగానే మొహం వాడిపోయింది. చల్లగా లేదు. హ్యాండ్ పంప్‌తో లాగి పోసే కాస్క్ ఏల్ అనే పాత తరహా బీరు నేలమాళిగలో పీపాలోనే ఇంకా పులుస్తూ ఉంటుంది, పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఐసు బీరుకు అలవాటు పడ్డ నాలుకకు అది చప్పగా తోచింది. 1960ల్లో పెద్ద కంపెనీలు దీన్ని వదిలేసి, గ్యాస్ కొట్టిన కెగ్ బీరును అన్ని పబ్బులకూ పంపితే, 1971లో కొందరు తాగేవాళ్లే కామ్రా అనే ఉద్యమం పెట్టారు. కల్లు కోసం ఎవరైనా సంఘం పెట్టి పత్రిక నడిపితే ఎలా ఉంటుందో అలాంటిది. ఉద్యమం గెలిచింది, కాస్క్ బతికింది. నాటింగ్‌హామ్ చేరేసరికి మావారు కూడా ఆ జట్టులో చేరిపోయారు.

నాటింగ్‌హామ్‌లో 'యి ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం' గోడ మీద '1189' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. నమ్మక్కర్లేదు. ఇప్పటి కట్టడం ఎన్నో శతాబ్దాల తర్వాతిది, పైగా అదే ఊళ్లో ఇంకో రెండు పబ్బులు 'మాదే పాతది' అంటాయి. కానీ కోట కింది ఇసుకరాయి గుట్టలోకి తొలిచిన గదులు మాత్రం నిజం. పై గదిలో ఒక బొమ్మ ఓడకు దుమ్ము గడ్డకట్టి వేలాడుతోంది. దాన్ని తుడిచినవాళ్లు చచ్చిపోతారని కథ. ఇల్లు తుడవడం తప్పించుకోడానికి ఇంతకంటే మంచి కథ నేను వినలేదు. శనివారం వెళ్లకండి, నిలబడే చోటు ఉండదు.

చవగ్గా తినాలంటే ఏ ఊళ్లోనైనా వెదర్‌స్పూన్ ఉంటుంది. టిమ్ మార్టిన్ 1979లో మొదలుపెట్టిన చెయిన్, పాత బ్యాంకుల్లో, సినిమా హాళ్లలో, పోస్టాఫీసుల్లో పబ్బులు పెడుతుంది. పొద్దున్నే టిఫిన్, కప్పు మళ్లీ మళ్లీ నింపుకునే కాఫీ, యాప్‌లో టేబుల్ నంబర్ కొడితే కూర్చున్న చోటికే గ్లాసు. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు ఫ్యాక్టరీల కార్మికులు తాగి పడిపోకూడదని పెట్టిన ఆంక్షల వల్ల 1988 దాకా ఇంగ్లండ్ పబ్బులు మధ్యాహ్నాలు మూసేయాల్సిందే. ఇప్పుడు పొద్దున ఎనిమిదికి అమ్మమ్మలు టీ తాగుతూ కూర్చుంటున్నారు. పాత పబ్ అభిమానులకు ఈ చెయిన్ అంటే మంట. నాకైతే శుభ్రమైన టాయిలెట్, తెలిసిన రేటు, రద్దీలో నా ఆర్డర్ కోసం గొంతు చించుకోనక్కర్లేని యాప్ హాయిగా అనిపించాయి. ముచ్చట్లు మాత్రం పుట్టవు. ఎవరి ఫోన్ వాళ్లది.

ఇక పడుకోవడం. డెర్బీషైర్ కొండల్లో ఒక పల్లె సత్రంలో గది తీసుకున్నాం, పేరు చెప్పను. ఫోటోల్లో రాతి గోడలు, పూలకుండీలు. వెళ్లాక తెలిసింది గది సరిగ్గా బార్ పైనే అని. లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, పెద్ద సూట్‌కేసు మోసేసరికి మావారి నడుం పట్టేసింది. వంటగది ఎనిమిదిన్నరకే కట్టేశారు. మనకు ఆకలి మొదలయ్యే టైమ్ అది! రాత్రి పొద్దుపోయేదాకా నేల చెక్కల సందుల్లోంచి కింద బార్‌లో జరిగే క్విజ్ పోటీ ప్రశ్నలు వినిపిస్తూనే ఉన్నాయి. పదకొండుకు బార్ మూసే గంట కొట్టాక గానీ కునుకు పట్టలేదు. అయితే పరుపు మంచిది, వేడినీళ్లు బాగా వచ్చాయి, పొద్దున టిఫిన్‌లో సాసేజ్ బదులు పుట్టగొడుగులు, టమాటాలు, గుడ్లు కడుపు నిండా పెట్టారు. పల్లె పబ్‌లో ఉండాలనుకుంటే గది వెనక వైపు, వీలైతే విడిగా ఉన్న పాత గుర్రపుశాల భాగంలో అడగండి. క్విజ్ ఏ రోజో కూడా ముందే కనుక్కోండి.

టిఫిన్ పెట్టిన ఆవిడే ఆ పబ్ నడిపే ఆవిడ. బీరు మీద ఏమీ మిగలదని, ఈ గదులూ ఆదివారం భోజనాలూ లేకపోతే ఎప్పుడో మూసేసేవాళ్లమని చెప్పింది. పబ్ ఆవిడది కాదు, ఒక కంపెనీది. అద్దె కట్టాలి, బీరు ఆ కంపెనీ దగ్గరే, ఆ కంపెనీ చెప్పిన రేటుకే కొనాలి. 1989లో ప్రభుత్వం పెద్ద బ్రూవరీల పెత్తనం తగ్గిద్దామని వాళ్ల చేతిలో ఉండే పబ్బులకు పరిమితి పెట్టింది. వాళ్లు వేలకొద్దీ అమ్మేశారు. కొన్నది మాత్రం ఒక్క చుక్క బీరు కూడా కాయని కంపెనీలు. 2007 జులైలో పొగ నిషేధం వచ్చింది. సూపర్‌మార్కెట్లో డబ్బా బీరు రేటు పబ్ రేటులో చిన్న వంతు. 2000లో బ్రిటన్ మొత్తంలో అరవై వేల దాకా ఉన్న పబ్బులు ఇప్పుడు నలభై అయిదు వేల దగ్గరికి పడిపోయాయి. కొన్ని ఊళ్లలో జనమే వాటాలు వేసుకుని కొనేసుకున్నారు. లండన్ నన్‌హెడ్‌లోని 'ఐవీ హౌస్' అలా 2013లో నిలబడింది.

నాకు నిజంగా నచ్చిన పబ్బులు మాత్రం ఏ పర్యాటక లిస్టులోనూ ముందు ఉండవు. బర్మింగ్‌హామ్ పక్కనే స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్. 1950, 60ల్లో అక్కడి ఫౌండ్రీల్లో పని చేయడానికి పంజాబీలు వచ్చారు. పగలంతా కొలిమి దగ్గర కాలి, సాయంత్రం పబ్‌కెళ్తే చాలాచోట్ల వాళ్లకు పోసేవాళ్లు కాదు, లేదా పబ్లిక్ బార్ వరకే రానిచ్చేవాళ్లు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చాడు, హత్యకు గురి కావడానికి తొమ్మిది రోజుల ముందు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జౌహల్ ఆయన్ను 'బ్లూ గేట్స్' పబ్‌కు తీసుకెళ్తే, స్మోక్ రూమ్‌లో, అంటే కాస్త మెరుగైన గదిలో, పోయలేదు, పబ్లిక్ బార్‌లో తాగాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో అలాంటి వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ప్రిన్సెస్ లూయీజ్‌లో నేను మురిసిపోయిన అరల్లాంటివే ఇక్కడ ఈ పనికి వాడుకున్నారు. 'పాత పబ్బులు పోతున్నాయి' అని ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకిప్పుడు సగం జాలే కలుగుతుంది.

తర్వాత ఫౌండ్రీలు మూతపడ్డాయి, తెల్ల యజమానులు వదిలేసిన పబ్బుల లైసెన్సులు పంజాబీలూ గుజరాతీలూ తీసుకున్నారు. వాటినే దేశీ పబ్బులు అంటారు. వెస్ట్ బ్రామిచ్ 'రెడ్ లయన్'లో రంగుగాజు కిటికీ ఉంది, చర్చిలో సాధువులుండే తరహాలో పంజాబీ వలస జీవితం. ఫుట్‌బాల్ గ్రౌండ్ దగ్గరి 'వైన్'లో బొగ్గుల మీద కాల్చే మాంసం, కూరలు, నాన్. పొగలు కక్కుతూ వచ్చే మిక్స్‌డ్ గ్రిల్ పళ్లెం చుట్టూ మూడు తరాల సర్దార్జీలు, పక్క టేబుల్లో క్లబ్ జెర్సీ వేసుకున్న తెల్ల ముసలాళ్లు, ఒకరి పకోడీలు ఒకరు లాక్కుంటున్నారు. లండన్‌లో ఆరేడు పౌండ్లయ్యే పైంట్ ఇక్కడ చాలా తక్కువ. నాకు పనీర్, మిర్చి పకోడీ, పప్పు దొరికాయి. రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లినా వేడివేడిగా! మేం తెలుగువాళ్లమని తెలిశాక ఒక పెద్దాయన మావారికి రౌండ్ కొన్నారు, తిరిగి కొనబోతే ఒప్పుకోలేదు. అన్నయ్య గారు పద్నాలుగేళ్లుగా ఆ ఊరి పక్కనే ఉండి ఎప్పుడూ లోపలికి వెళ్లలేదట, 'ఇవి తాగుబోతుల చోట్లు అనుకున్నా' అన్నారు. ఇప్పుడు శుక్రవారాలు వెళ్తున్నారని మా ఆడపడుచు ఫోన్ చేసి నన్నే తిడుతోంది.

ఫ్యామిలీతో వెళ్లేవాళ్లు మ్యాచ్ ఉన్న రోజు 'వైన్' వైపు పోకండి, పార్కింగ్ దొరకదు. గది మాత్రం బర్మింగ్‌హామ్‌లో ఏదైనా మామూలు హోటల్లో తీసుకోండి, ట్రామ్‌లో వెళ్లి రావచ్చు.

తిరుగు ప్రయాణంలో హీత్రూకు వెళ్తూ సౌతాల్‌లో ఆగాం. అక్కడ 'గ్లాసీ జంక్షన్' అనే పంజాబీ పబ్ ఉండేది, మన రూపాయలు తీసుకునేది. 2012లో మూతపడింది, ఆ భవనంలోకి దక్షిణాది శాకాహార హోటల్ వచ్చింది. మావారు దోసె తిని బిల్లు దగ్గర అయిదొందల నోటు తీసి చూపించారు. కుర్రాడు నవ్వి కార్డు మెషిన్ ముందుకు తోశాడు.