రస్ట్‌లో టైపు మార్పిడి: ‘యాజ్’తో నా పేచీ

సీ భాషకు అలవాటుపడి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు వచ్చినవారిని మొదట విసిగించేది, ఐ32 (32 బిట్ల పూర్ణాంకం) రకపు సంఖ్యను ఐ64 (64 బిట్లది) రకపు సంఖ్యతో కూడనివ్వని కంపైలర్ మొండితనమే. నాకూ మొదట్లో అది చాదస్తంగానే తోచింది. అయితే సీలో 32 బిట్ల ఇంట్ రకపు -1ను రుణ సంఖ్యలు పట్టని అన్‌సైన్డ్ ఇంట్ రకపు 1తో పోలిస్తే, -1 కాస్తా 4294967295గా మారిపోయి అదే పెద్దదని తేలుతుందన్న సంగతిని రాత్రంతా కూర్చుని కనిపెట్టినవారికి ఆ మొండితనం విలువ తెలుస్తుంది. సంఖ్య టైపు మారాలంటే ఆ మాట ప్రోగ్రామరే స్వయంగా రాయాలన్న నియమానికి నా పూర్తి మద్దతు ఉంది. పేచీ అంతా, అలా రాయడానికి రస్ట్ ముందుగా చేతికందించే ‘యాజ్’ (as) అనే మాటతోనే.

సంఖ్యల విషయంలో ‘యాజ్’ ఎన్నడూ కాదనదు. 300 విలువ ఉన్న ఐ32 వేరియబుల్‌ను ‘యాజ్ యు8’ (రుణ సంఖ్యలు లేని 8 బిట్ల రకంగా మార్చు) అంటే కింది 8 బిట్లు మాత్రమే మిగిలి 44 వస్తుంది. -1 అయితే 255 అవుతుంది. కూడికలో విలువ పరిధి దాటితే డీబగ్ బిల్డ్ (తప్పులు వెతికేందుకు తయారుచేసే రూపం) ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది గానీ, ‘యాజ్’ కోసి పారేసిన బిట్ల గురించి అదే బిల్డ్ నోరు మెదపదు. దశాంశ సంఖ్యల పద్ధతి మళ్లీ వేరు: 300.7ను యు8గా మారిస్తే గరిష్ఠ విలువైన 255 వస్తుంది, ‘నాన్’ (సంఖ్య కాదని సూచించే విలువ) అయితే 0 వస్తుంది. 2020లో వచ్చిన 1.45 వెర్షన్‌కు ముందు ఇలా పరిధి దాటిన మార్పిడికి నిర్వచిత ఫలితమే లేదు కాబట్టి ఇది మెరుగే. కానీ ఒకే మాట ఒకచోట కోస్తుంది, ఒకచోట హద్దు దగ్గర నిలుపుతుంది, యు8 నుంచి యు32కు వెళ్లేటప్పుడు ఏ నష్టమూ లేకుండా మారుస్తుంది. ఏది జరుగుతోందో ఆ లైను ఒక్కటీ చూసి చెప్పలేం.

నేను రాసిన ఒక లాగ్ ప్రోగ్రాములో ప్రతి రికార్డుకూ ముందు దాని పొడవును ‘యాజ్ యు16’తో 2 బైట్లలో రాసేవాణ్ణి. ఏడాదిపాటు సజావుగా నడిచింది. ఒకరోజు 65540 బైట్ల రికార్డు వచ్చింది. పొడవు ఉండాల్సిన చోట 4 పడింది. చదివే ప్రోగ్రాము 4 బైట్లు తీసుకుని, ఐదో బైటు నుంచి తర్వాతి రికార్డు మొదలైందనుకుని, అక్కడి నుంచి ఫైలంతా చెత్తగా చదివింది. తప్పు నాదే, కానీ ఒక్క హెచ్చరికైనా రాలేదు.

దానికి మందు ఆ భాషలోనే ఉంది. 2019లో 1.34 వెర్షన్‌తో స్థిరపడిన, విలువ పట్టకపోతే ఎర్రర్ ఇచ్చే ‘ట్రైఫ్రమ్’ను వాడి ఉంటే ఆ రికార్డు దగ్గరే ఎర్రర్ చేతికి వచ్చేది. నష్టం లేని మార్పిడులకు ‘ఫ్రమ్’ ఉంది. తర్వాతెప్పుడో ఎవరైనా మూల వేరియబుల్ టైపును పెద్దది చేస్తే ‘ఫ్రమ్’ ఉన్న లైను కంపైలే కాదు, ‘యాజ్’ ఉన్న లైను మాత్రం కిమ్మనకుండా కోత మొదలుపెడుతుంది. రస్ట్ కోడ్‌లో లోపాలు చూపే సాధనమైన క్లిప్పీలో, ఇలాంటి కోతను పట్టే ‘కాస్ట్_పాసిబుల్_ట్రంకేషన్’ అనే తనిఖీ ఉన్నా, అది పెడాంటిక్ గుంపులోది కావడంతో అడిగితే తప్ప పలకదు. కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే దాన్ని ఆన్ చేసుకోమంటాను.

అయినా ‘యాజ్’ను పూర్తిగా వదిలించుకోలేం. 16 బిట్ల యంత్రాలనూ లెక్కలోకి తీసుకోవడం వల్ల యు32 నుంచి, యంత్రాన్ని బట్టి పరిమాణం మారే యుసైజ్‌కు ‘ఫ్రమ్’ లేదు. అక్కడ ‘ట్రైఫ్రమ్’తో సరిపెట్టుకోవచ్చు. యు64 నుంచి ఎఫ్64కు (64 బిట్ల దశాంశ సంఖ్యకు) ప్రామాణిక లైబ్రరీలో అదీ లేదు, కాబట్టి 9007199254740993ను ‘యాజ్’తోనే మార్చి, చివర 3 బదులు 2 వచ్చినా ఊరుకోవాలి. రస్ట్ టైపు మార్పిడికి ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ‘యాజ్’ ఖాతాలోదే.