వారం చెప్పే యాప్, ఆరేళ్ల వాడకం తర్వాత

పాత తేదీ కొడితే ఏ వారమో చెప్పే యాప్ ఒకటి ఆరేళ్లుగా నా ఫోన్లో ఉంది. పేరు చెప్పను, ఈ తప్పు దానొక్కదానిదే కాదు. రిటైరయ్యాక గుంటూరు చుట్టుపక్కల గుళ్లు తిరిగి శాసనాల తేదీలు రాసుకోవడం నా కాలక్షేపం. రాతి మీద శకం, సంవత్సరం పేరు, తిథితో పాటు చాలాసార్లు వారం కూడా ఉంటుంది. లెక్క కట్టిన వారం, చెక్కిన వారం కలిస్తే తేదీ ఖాయమైనట్టే.

మొదటి ఏడాదే మంగళగిరి దగ్గర పేచీ వచ్చింది. కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్న రోజును అక్కడి శాసనం శక 1437 యువ సంవత్సరం, ఆషాఢ శుద్ధ హరివాసరం (అంటే ఏకాదశి), శనివారం అంటుంది. పుస్తకాల్లో 1515 జూన్ 23. అదే కొడితే యాప్ బుధవారం అంది! చెక్కినవాడే పొరబడ్డాడేమోనని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా. తీరా చూస్తే పొరపాటు ఫోన్‌ది. ఇప్పటి గ్రెగోరియన్ లెక్క మొదలైందే 1582 అక్టోబరు 15 శుక్రవారం. దాని ముందు రోజు అక్టోబరు 4, గురువారం. అంతకు ముందువన్నీ చరిత్రకారులు అప్పటిదాకా యూరప్‌లో నడిచిన జూలియన్ క్యాలెండర్ తేదీల్లోనే రాస్తారు. యాప్ మాత్రం ఇప్పటి లెక్కనే చెప్పాపెట్టకుండా వెనక్కి సాగదీసింది. 1515లో రెంటికీ తేడా పది రోజులు. పదిలోంచి ఏడు తీసేస్తే మూడు. బుధవారానికి మూడు కలిపితే శనివారం.

అప్పటికీ మనసొప్పక కలి అహర్గణం, అంటే కలియుగం మొదలైనప్పటి నుంచి గడిచిన రోజుల లెక్క, కట్టా. కలియుగాది శుక్రవారం. అక్కడి నుంచి ఆ రోజుకు గడిచినవి 16,86,119 రోజులు. ఏడుతో భాగిస్తే శేషం 1, శుక్రవారానికి ఒకటి కలిపితే శనివారం. రాయి చెప్పిందే నిజం.

1582 తర్వాతి తేదీలకు యాప్‌ను వంక పెట్టలేను, చిటికెలో చెబుతుంది. తిథుల దగ్గర మాత్రం సెట్టింగ్ చూసుకోవాలి. నాది మొదట పూర్ణిమాంతంలో (నెల పున్నమితో ముగిసే లెక్క) ఉంది, మనది అమాంతం (నెల అమావాస్యతో ముగిసే లెక్క). శుద్ధ తిథులన్నీ సరిగ్గా వచ్చి, బహుళ తిథులు మాత్రం నెల వెనక్కి పోతుంటే అప్పుడు తెలిసింది. ముస్లింల హిజ్రీ తేదీకి రోజు అటూఇటూ తప్పదు. నెలవంక సంగతి అటుంచి, వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, మనకు సూర్యోదయంతో. దానికి యాప్‌ను తిట్టి లాభం లేదు.

ఇంకోటి, కొత్తవాళ్లు వారాల పేర్ల దగ్గర జాగ్రత్త. సౌమ్యవారం అంటే సోమవారం కాదు, బుధవారం. స్థిరవారం శనివారం. నేనూ ఒకసారి తప్పులో కాలేసినవాణ్ణే.

అనుమానం వస్తే ఇప్పటికీ స్వామికన్ను పిళ్లై ‘ఇండియన్ ఎఫిమెరిస్’ అనే తేదీల పట్టికల పుస్తకం తీస్తా. 1922లో మద్రాసులో అచ్చయింది, క్రీ.శ. 700 నుంచి 1799 దాకా ఉంది. అంకెలు చూసి కళ్లు లాగుతాయి గానీ, ఏ క్యాలెండరో దాచిపెట్టదు.

మీ యాప్‌లో 1582 అక్టోబరు 10 కొట్టి చూడండి. అలాంటి తేదీ లేదంటే మంచిదే. ఆదివారం అందంటే నా యాప్‌లాంటిదే మీకూ దొరికింది. అయితే అలా లేదన్న యాప్ కూడా అన్నిచోట్లా పనికిరాదు. ఇంగ్లీషువాళ్లు 1752 సెప్టెంబరు దాకా జూలియన్‌లోనే ఉన్నారు. అందుకే 1600ల్లో మచిలీపట్నంలో ఒకే రోజుకు ఇంగ్లీషు కొఠీ (వర్తక స్థావరం) లెక్కలో ఒక తేదీ, డచ్చివాళ్ల లెక్కలో పది రోజులు ముందున్న తేదీ. వారం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఏ తేదీ ఎవరిదో ఎంచుకునే మీట యాప్‌లో ఇప్పటికీ పెట్టలేదు. మూడు నక్షత్రాలు ఇచ్చా, ఆ మీట పెడితే నాలుగోది కూడా ఇస్తా.