అమెరికా రొటేషనా, ఉద్దానం పోస్టింగా: ఏది మేలు?

ఫైనల్ ఇయర్‌కి వచ్చారంటే చాలు, జూనియర్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, నాకు గ్లోబల్ హెల్త్ వైపు వెళ్లాలనుంది. నాలుగు వారాలు అమెరికా వెళ్లి అక్కడి ఆసుపత్రిలో ఉండి రానా? నాన్న లోను పెడతానంటున్నాడు." గ్లోబల్ హెల్త్ అంటే దేశాల హద్దులు దాటి ఉండే ఆరోగ్య సమస్యల మీద పనిచేయడం. మొన్న ఇలా అడిగిన అమ్మాయిది చీపురుపల్లి, చదివేది శ్రీకాకుళంలో. వాళ్లకి ఉన్నది రెండెకరాల మామిడితోట. అందుకే ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేయలేకపోయాను. నేను హౌస్ సర్జన్‌గా మూడు నెలలు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలంలో ఉన్నాను, తర్వాతి ఏడాది నాలుగు వారాలు అమెరికాలో ఉన్నాను. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక తేడా తెలియాలి. ఇంకా ఎంబీబీఎస్ విద్యార్థిగా ఉండగా వెళ్తే దాన్ని క్లినికల్ ఎలెక్టివ్ అంటారు. సీనియర్ పక్కనుండగా పేషెంటుని చూడనిస్తారు, హిస్టరీ తీసుకోనిస్తారు. డిగ్రీ చేతికొచ్చాక వెళ్తే ఎక్కువగా దొరికేది అబ్జర్వర్‌షిప్. పేరులోనే ఉంది, చూడటం వరకే. నేను వెళ్లింది ఈ రెండో రకంలో. ఇప్పుడైతే వీసా దరఖాస్తుకే 185 డాలర్లు. ఆపైన టికెట్, గది అద్దె, సీటు ఇప్పించే ఏజెన్సీ ఫీజు. వాటికి చేసిన అప్పు తీర్చడానికి నాకు చాలా నెలలు పట్టింది.

నాకు నెఫ్రాలజీ, అంటే కిడ్నీ విభాగం ఇచ్చారు. ఒకరోజు రౌండ్స్‌లో డయాలసిస్ పేషెంటు, తెల్లజుట్టు పెద్దాయన, మాకోసం చెయ్యి చాపాడు. మణికట్టు పైన ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోటు) ఉబ్బి ఉంది. దాని మీద వేళ్లు పెడితే లోపల రక్తం జరజరా పారుతున్న అదురు తెలుస్తుంది. దాన్ని త్రిల్ అంటాం. అక్కడి విద్యార్థులు ఒక్కొక్కరే పట్టి చూశారు. నా వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది. నేనే వెనక్కి జరిగాను. అబ్జర్వర్ పేషెంటుని తాకకూడదని సంతకం పెట్టి వచ్చాను మరి. ఆయన నా మొహంలోకి చూసి నెమ్మదిగా చెయ్యి తీసుకున్నాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎందుకంటే ఆ అదురు నాకు అంతకుముందే తెలుసు. కవిటిలో కొబ్బరిచెట్లు ఎక్కే ఒక మావయ్య (అక్కడ అందరినీ అలాగే పిలిచేదాన్ని) దగ్గుకి మందు కోసం పీహెచ్‌సీకి వచ్చాడు. నేను స్టెతస్కోప్ తీసేలోపే నా వేళ్లు పట్టుకుని తన ఫిస్టులా మీద పెట్టుకున్నాడు. "పట్టి సూడమ్మా. పొద్దున్న లెగిసి ముందు దీన్నే సూసుకుంటాను. ఇది కొట్టుకున్నన్నాళ్లు నాకు బయిం నేదు." రోజూ త్రిల్ చూసుకోమని పేషెంట్లకి చెప్పాలని పుస్తకంలో చదివాను. చూసుకోవడం అంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఉద్దానం సంగతి మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడితోటల మధ్య కిడ్నీ జబ్బు. అమెరికాలో కిడ్నీలు పాడవడానికి ముఖ్య కారణాలు షుగరు, బీపీ. ఇక్కడ షుగరు లేని మనిషికి, బీపీ లేని మనిషికి కూడా రక్తంలో క్రియాటినైన్ పెరిగిపోతుంది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు. చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. అందుకని మూత్రపరీక్ష బాగుంది కదా అని పంపించేస్తే మనిషి చేజారిపోతాడు. ఇది మూడు నెలల్లో నా బుర్రకెక్కిన పాఠం. భూగర్భ జలాల్లో సిలికా, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని, నొప్పి బిళ్లలు, అన్నిటి మీదా అనుమానం ఉంది. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కొట్టే కూలీలకీ, శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకీ ఇలాంటి జబ్బే వస్తోంది. అంతకంటే గ్లోబల్ హెల్త్ ఏముంటుంది చెప్పండి? పలాసలో బండి దిగి ఆటో ఎక్కితే చేరిపోయే చోటది. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా మొదలయ్యాయి.

అయితే ఇక్కడి పోస్టింగ్‌లో పెద్ద లోటు ఉంది. నేర్పేవాళ్లు తక్కువ. ఇప్పటి నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కి 12 వారాలు ఉన్నాయి. కానీ చాలామందికి ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్‌నే అలా అంటాం) పోస్టింగ్ అంటే సంతకం పెట్టి రూముకెళ్లి నీట్ పీజీకి చదువుకోవడమే. "రాకపోయినా ఫర్వాలేదమ్మా" అని నాతోనే ఒకరు అన్నారు. ఆ మాట పట్టుకుని ఉండిపోతే ఉద్దానంలో 12 వారాలు కాదు, 12 నెలలున్నా ఏమీ రాదు. ఆశా కార్యకర్త వెనక నడవాలి, రిజిస్టర్ తిరగేయాలి, డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చోవాలి. ఎవరూ చెప్పరు, మనమే చెయ్యాలి.

అమెరికా నాకేమీ ఇవ్వలేదంటే అబద్ధమవుతుంది. ఇంగ్లీషు రాని పేషెంటు వస్తే అక్కడ ఫోన్‌లో దుబాసీని పిలుస్తారు. ఆ లైను కలిసేదాకా డాక్టరు మొదలుపెట్టరు. అది చూసినరోజు కవిటి ఓపీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఒడియా తప్ప రాని ఒక కోడలు వస్తే, క్యూలో వెనకున్న మనిషిని పిలిచి నెలసరి గురించి అడిగించాను. ఆమె తలొంచుకుని అన్నిటికీ లేదంది. అప్పుడు నాకది తప్పని తోచలేదు. ఇంకోటి, డయాలసిస్ ఖర్చు. దాన్ని ప్రభుత్వం భరించేలా అక్కడ 1972లోనే చట్టం చేశారు, వయసుతో పని లేకుండా. మనకి ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో.

మూడో దారి కూడా ఉంది. కెన్యాలోని ఎల్డోరెట్‌లో మోయి యూనివర్సిటీకీ అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీకీ 1989 నుంచి పొత్తు. కెన్యావాళ్లు అమెరికాకి, అమెరికావాళ్లు కెన్యాకి. రెండువైపులా రాకపోకలుంటాయి. ఇలాంటి శిక్షణకి నైతిక నియమాలు కావాలని 2010లో వెయిట్ (WEIGHT) మార్గదర్శకాలు వచ్చాయి. విద్యార్థి రావడం వల్ల ఆ ఊరికి భారం పడకూడదు, లాభం రెండు పక్షాలకీ ఉండాలి, పొత్తు ఏళ్ల తరబడి నిలవాలి అన్నది వాటి సారం. మనం కెన్యాకో నేపాల్‌కో రెండు వారాలు వెళ్లి ఫొటోలు దిగి వచ్చేముందు ఈ గీటురాయి మీద గీసి చూసుకోవాలి. దేశం దాటకుండా అయితే మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ ఉంది. ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టిన ఆ గ్రామీణ వైద్యం చూడటానికి పైదేశాలవాళ్లే వస్తారు.

ఇక ఏది మేలంటే, నా మాట ఇది. అమెరికాలో రెసిడెన్సీ, అంటే మన పీజీ లాంటి శిక్షణ, చేయడమే లక్ష్యమైతే వెళ్లాలి. కానీ విద్యార్థిగా ఉండగానే ఎలెక్టివ్‌గా వెళ్లాలి. అక్కడి డాక్టరు దగ్గరుండి చూసి రాసిచ్చే సిఫార్సు లేఖకి విలువుంది. 2022 నుంచి స్టెప్ 1లో (అమెరికా లైసెన్సు పరీక్షల్లో మొదటిది) మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే చేశారు కాబట్టి ఆ విలువ ఇంకా పెరిగింది. అది ఉద్యోగానికి పెట్టుబడి. దానికి గ్లోబల్ హెల్త్ అని పేరు పెట్టుకోవద్దు. గ్లోబల్ హెల్తే కావాలంటే ముందు ఉద్దానం, ఆ తర్వాత వీలైతే ఇదే జబ్బున్న అనురాధపురం. అబ్జర్వర్‌షిప్ కోసం మామిడితోట మీద అప్పు తేవద్దని ఆ పిల్లకి గట్టిగానే చెప్పాను.

వారం దాకా ఫోన్ లేదు. నొచ్చుకుందేమో అనుకున్నాను. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. ఇంటర్న్‌షిప్‌లో పీహెచ్‌సీ పోస్టింగ్ సోంపేట వైపు కావాలని ఇప్పుడే అడిగి ఉంచిందట. "అక్కా, మూత్రంలో మంటగా ఉందా అని ఒడియాలో ఎలా అడగాలి?" నాకు సగమే వచ్చు. కవిటిలో నాకు ఆ సగం నేర్పిన ఏఎన్‌ఎం అక్కని అడిగి ఆమె నంబరు పంపాను.