హెడర్ల జాబితా ఎవరు రాయాలి: మనమా, స్క్రిప్టా, కంపైలరా?

ఒకసారి ఒక హెడర్‌లో (చాలా సీ, సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు కలిపి వాడుకునే డిక్లరేషన్ల ఫైలు) ఉన్న స్ట్రక్ట్ మధ్యలో కొత్త ఫీల్డ్ చేర్చాను. బిల్డ్ ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయింది. ప్రోగ్రామ్ మాత్రం ఏ సంబంధమూ లేని చోట క్రాష్ అవుతోంది. ఒకటిన్నర రోజు డీబగ్గర్ ముందు కూర్చున్నాక విషయం బయటపడింది. ఆ హెడర్ వాడే నలభై ఫైళ్లలో ఒకటి మళ్లీ కంపైల్ కాలేదు, అది ఇంకా పాత లెక్క ప్రకారమే మెమరీ చదువుతోంది. ఏ ఫైలు మారితే దేన్ని మళ్లీ కంపైల్ చెయ్యాలో మేక్ అనే బిల్డ్ టూల్‌కి చెప్పేది మేక్‌ఫైల్. అందులో ఆ ఫైలు ఎదురుగా ఆ హెడర్ పేరు రాయడం ఎవరో మర్చిపోయారు. ‘మేక్ క్లీన్’ కొట్టి, అంటే పాత బిల్డ్ ఫైళ్లన్నీ తుడిచేసి, మళ్లీ బిల్డ్ చేస్తే అన్నీ సర్దుకున్నాయి.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టులో చేరినా నేను ముందు అడిగేది ఇదే: హెడర్ల జాబితా ఎవరు రాస్తున్నారు? ‘ఏదైనా తేడాగా కనిపిస్తే క్లీన్ చేసి కట్టు’ అని ఎవరైనా చెప్పారంటే, ఆ జాబితాని అక్కడివాళ్లే నమ్మట్లేదన్నమాట.

చేత్తో రాయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పది ఫైళ్లుంటే నడుస్తుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసినప్పుడు ప్రోగ్రామర్లు చేసింది అదే. కానీ హెడర్‌లోంచి ఇంకో హెడర్, దాంట్లోంచి మరోటి వచ్చే చోట ఆ జాబితాని సరిగ్గా నిలబెట్టడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

రెండో దారి విడిగా ఒక స్కానర్. ఎక్స్ విండో సిస్టమ్‌తో పాటు వచ్చిన మేక్‌డిపెండ్ అలాంటిదే. సోర్స్ ఫైళ్లన్నీ తనే చదివి, హెడర్లని లోపలికి తెచ్చే ఇన్‌క్లూడ్ లైన్లు పట్టుకుని, మేక్‌ఫైల్ అడుగున ‘డు నాట్ డిలీట్’ అన్న లైను కింద జాబితా అంతా పోస్తుంది. చేత్తో రాయడంకన్నా ఎంతో నయం. కాకపోతే దాన్ని నడపాలని మనకి గుర్తుండాలి, అసలు చిక్కు ఇంకోటి. అది ప్రీప్రాసెసర్‌ని (కంపైల్‌కి ముందు ఇన్‌క్లూడ్‌లు, మాక్రోలు విప్పే భాగం) అనుకరిస్తుందే తప్ప మనం వాడే కంపైలర్ కాదు. కంపైలర్ తనంతట తాను పెట్టుకునే మాక్రోలు, వెతికే ఫోల్డర్లు దానికి తెలియాలంటే మనమే చెప్పాలి. ఒక ఇఫ్‌డెఫ్ (మాక్రో ఉందో లేదో చూసి దారి మార్చే లైను) దగ్గర స్కానర్, కంపైలర్ చెరో దారి పట్టాయంటే జాబితా తప్పు. పైగా జాబితా మేక్‌ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి, ప్రతి కమిట్‌లోనూ అక్కర్లేని డిఫ్ వందల లైన్లు.

మూడోది కంపైలర్‌నే అడగడం. నా ఓటు దీనికే. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో దేనికైనా ఎంఎండీ (-MMD) అనే ఫ్లాగ్ ఇస్తే, కంపైల్ చేస్తూనే తాను తెరిచిన హెడర్ల పేర్లు పక్కనే ఒక డాట్ డి (.d) ఫైల్లో రాసి పెడుతుంది. మేక్‌ఫైల్ చివర్లో ఆ ఫైళ్లన్నిటినీ కలుపుకునే ఒక్క లైను చాలు. లైను ముందు మైనస్ గుర్తు పెట్టండి, ఫైలు లేకపోయినా మేక్ గొడవ చెయ్యదు. సిస్టమ్ హెడర్లు కూడా లెక్కలోకి రావాలంటే ఎంఎండీ బదులు ఎండీ (-MD).

మొదటిసారి బిల్డ్ చేసేటప్పుడు డాట్ డి ఫైళ్లే ఉండవు కదా అని చాలామందికి అనుమానం. ఉండక్కర్లేదు. అప్పటికి ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ చేస్తే వచ్చేది) కూడా లేదు, ఎలాగూ కంపైల్ చెయ్యాల్సిందే. జాబితా అవసరమయ్యేది రెండోసారి నుంచే, అప్పటికి అది చేతిలో ఉంటుంది. ఇది అర్థమైతే, ముందు డాట్ డి ఫైలు తయారుచేసి, సెడ్ అనే టెక్స్ట్ టూల్‌తో దాన్ని మార్చి, మేక్ తనని తాను మళ్లీ మొదలుపెట్టుకునే పాత పద్ధతితో పనుండదు.

ఎంపీ (-MP) ఫ్లాగ్ మాత్రం వదలొద్దు. అది లేకపోతే, ఎవరైనా ఒక హెడర్‌ని తీసేసిన రోజున పాత డాట్ డి ఫైల్లో దాని పేరు మిగిలిపోయి, ‘దీన్ని తయారుచేసే రూల్ లేదు’ అంటూ మేక్ ఆగిపోతుంది. ఎంపీ ఇస్తే ప్రతి హెడర్‌కీ ఒక ఖాళీ రూల్ కూడా రాస్తుంది, గొడవ ఉండదు.

ఇంతచేసినా రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, బిల్డ్‌లోనే పుట్టే హెడర్లు. వేరే ప్రోగ్రామ్ తయారుచేయాల్సిన హెడర్ మొదటి కంపైల్‌కి ముందే ఉండాలి, డాట్ డి ఫైలేమో కంపైల్ అయ్యాకే వస్తుంది. జీఎన్‌యూ మేక్‌లో నిలువు గీత తర్వాత రాసే ఆర్డర్ ఓన్లీ డిపెండెన్సీ (ఇది ముందు తయారవ్వాలి అని మాత్రమే చెప్పేది) ఇలాంటి చోట పెట్టాలి. పెట్టకపోతే ఒక్క జాబ్‌తో బాగానే నడిచి, జె ఎనిమిది (-j8, ఒకేసారి ఎనిమిది జాబ్‌లు) అనగానే ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్. రెండు, ఫ్లాగులు. ఆప్టిమైజేషన్ లెవెల్ మార్చి మేక్ కొడితే ఏమీ కంపైల్ కాదు, ఎందుకంటే మేక్ చూసేది ఫైళ్ల టైమ్‌నే. లైనక్స్ కెర్నెల్ వాళ్లు ప్రతి ఆబ్జెక్ట్‌కీ వాడిన కమాండ్‌ని ఒక ఫైల్లో దాచి పోల్చుకుంటారు. మనం అది సొంతంగా రాసుకోవచ్చు, కానీ అక్కడిదాకా వచ్చామంటే సొంత బిల్డ్ సిస్టమ్ మొదలుపెట్టేశామనే.

ఆ స్థాయికి వస్తే నేను బిల్డ్ ఫైళ్లు తయారుచేసే సీమేక్ గానీ మెసాన్ గానీ తీసుకుని, కింద మేక్ బదులు నింజా పెడతాను. కంపైల్ కమాండ్‌లో ఒక్క అక్షరం మారినా నింజా గమనిస్తుంది. కంపైలర్ ఇచ్చిన డాట్ డి ఫైలు చదివి, విషయాన్ని తన లాగ్‌లో పెట్టుకుని, ఆ ఫైలుని తీసేస్తుంది. ఈ జాగ్రత్తకి కారణముంది. అది పుట్టింది 30,000కి పైగా సోర్స్ ఫైళ్లున్న క్రోమియం బ్రౌజర్ ప్రాజెక్టులో. అక్కడ ఒక్క ఫైలు మార్చాక బిల్డ్ మొదలవ్వడానికే పది సెకన్లు పట్టేదని, నింజాతో సెకను లోపే అని దాని మాన్యువల్‌లో ఉంది. వేల డాట్ డి ఫైళ్లు ప్రతిసారీ చదివే మేక్‌కి ఇది కష్టం. రెండు వేల ఫైళ్లలోపు ప్రాజెక్టులో ఈ తేడా కోసం టెన్షన్ పడక్కర్లేదని నా ఉద్దేశం.

సీమేక్‌ది ఇంకో సరదా సంగతి. దానిలో మేక్‌ఫైళ్లు తయారుచేసే భాగం, అంటే మేక్‌ఫైల్ జనరేటర్, చాలాకాలం మేక్‌డిపెండ్ లాగే సొంత స్కానర్‌తో నెట్టుకొచ్చింది. 2021లో వచ్చిన 3.20 నుంచి చాలా కంపైలర్ల విషయంలో కంపైలర్‌నే అడుగుతోంది. ఇన్నేళ్లకి అదీ ఈ దారికే వచ్చింది.

సోర్స్ ఫైళ్ల జాబితాని గ్లాబ్‌తో (‘ఈ ఫోల్డర్లో ఉన్నవన్నీ’ అనే నమూనాతో) లాగేయకండి. కొత్త ఫైలు పెట్టాక సీమేక్‌ని మళ్లీ నడిపితే తప్ప దానికి తెలియదు. మెసాన్‌లో ఆ సదుపాయం కావాలనే ఇవ్వలేదు. హెడర్ల జాబితా యంత్రానికి, సోర్స్ ఫైళ్ల జాబితా మనిషికి అన్నది నా పంపకం.

మేక్‌ఫైళ్లు తయారుచేసే పాత టూల్ ఆటోమేక్ సంగతేంటంటే, అదీ కంపైల్ చేస్తూనే డిపెండెన్సీలు పట్టేస్తుంది, ఆ పని బాగా చేస్తుంది కూడా. ఇప్పటికే అందులో ఉన్న ప్రాజెక్టుని కదపక్కర్లేదు. కొత్తగా మాత్రం దానితో పాటు వచ్చే ఎంఫోర్ (m4) మాక్రో భాష నేర్చుకోమని ఎవరికీ చెప్పను.

హెడర్ల బదులు సీ ప్లస్ ప్లస్ 20 మాడ్యూల్స్ వాడబోతుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇంపోర్ట్ చేసే మాడ్యూల్ ముందే తయారై ఉండాలి కాబట్టి ఏది ఎవరి మీద ఆధారపడిందో కంపైల్‌కి ముందే తెలియాలి, అంటే స్కాన్ మళ్లీ వచ్చింది. ఈసారి ఆ స్కాన్ చేసేది కంపైలరే, లేదా దానితో వచ్చే టూల్. సీమేక్ 3.28 ఈ పని నింజా, విజువల్ స్టూడియో జనరేటర్లతో చేస్తుంది, మేక్‌ఫైల్ జనరేటర్‌తో కాదు. అలాంటి ప్రాజెక్టుకి మేక్‌ఫైల్ ఎంత బాగా రాయాలన్న చర్చే అనవసరం.